ఫిల్టరు కాగితం తెల్లగా ఉంది

రేవు, లాంచీ ఇంజిన్ గది
జూన్ 4

మావయ్యా,

ఇచ్చారు! లాంచీ నాకే ఇచ్చారు! "ఆడపిల్ల చేతికి ఇంజిన్ గది తాళంచెవి ఇస్తే నా మీసం తీసేస్తా" అన్నావు గుర్తుందా? అద్దం, కత్తెర దగ్గర పెట్టుకుని ఈ ఉత్తరం చదువు.

నెల రోజులుగా రాయలేదని తిట్టకు. మొదటి ఫిల్టరు మార్చి, కోసి, కాగితం నీకు పంపేదాకా రాయకూడదని ఒట్టు పెట్టుకున్నాను. నువ్వు నేర్పినట్టే చేశాను. రంపంతో కొయ్యలేదు, రంపప్పొడి కాగితంలో పడితే ఇంజిన్ పొడి అనుకుని హడలిపోతామని చెప్పావు కదా. డబ్బా మూత కోసే కత్తితోనే కోశాను. మడతలు విప్పి, పిండి, నీడలో ఆరబెట్టి, వేలెడంత ముక్క కత్తిరించి ఇందులో పెట్టాను. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూడు. ఎంత తెల్లగా ఉందో! ఇంజిన్ ఎలా నడుపుతున్నానో ఆ ముక్కే చెబుతుంది, నేను వేరే గొప్పలు చెప్పుకోనక్కర్లేదు.

లాంచీ కొత్తది, ఇంజిన్ మాత్రం పాతదే. ఎక్కడో షెడ్డులో ఏళ్ళ తరబడి పడి ఉంటే బేరింగులు మార్చి, ఆకుపచ్చ రంగు దట్టంగా పూసి ఇందులో దించారట. రోజుకి ముప్పై రెండు సార్లు నది దాటుతున్నాం. ప్రతి ట్రిప్పుకీ యాభై అరవై మంది. పొద్దున్నైతే సగం మంది బడిపిల్లలే.

ఒక్కటే బాధ. రోజూ ఆఫీసులో సంతకం పెట్టేచోట గోడ మీద బోర్డు ఉంది, "ప్రమాదాలు, కారణాలు" అని. మొదటి వరసలో నాన్న పేరు. దాని ఎదురుగా "ఆయిలు చూసుకోని నిర్లక్ష్యం". పదకొండేళ్ళుగా అలాగే ఉంది. నేను దాని కిందే నిలబడి సంతకం పెడుతున్నాను. ఆ ప్రమాదంతో డ్రైవరు లైసెన్సు పోయినప్పటి నుంచి నాన్న ఇదే రేవులో తాళ్ళు పేనుతున్నాడు గానీ లాంచీ మీద కాలు పెట్టలేదు. నేను మొదటిసారి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు మాత్రం చేతిలో తాడు ఆపేసి అలా ఉండిపోయాడట. లాంచీ తోలే సరంగు చూసి చెప్పాడు. కూతురు పని చేస్తుంటే గర్వంగా ఉండదూ మరి!

నీ వర్క్‌షాపు గోడ మీది రూలు, నువ్వు ప్రతి సామానుతో పెట్టి పంపే ఉత్తరం సంగతి, ఇక్కడ నా ఇంజిన్ గదిలోనూ రాసుకున్నాను: "ఇంజిన్‌లో ఏది పెట్టినా ఉత్తరం చూసి పెట్టు. ఏది తీసినా ఉత్తరం చూసి తియ్యి." సరంగు చదివి నవ్వాడు. నవ్వనీ.

అమ్మ నిన్ను అడిగానని చెప్పమంది. నాన్న ఏమీ చెప్పమనలేదు.

నీ పిడుగు


వర్క్‌షాపు
జూన్ 10

పిడుగుకి,

మీసం తీయలేదు. కత్తెర మొద్దుబారిపోయింది, సాన పట్టించాక చూద్దాం.

ముక్క అందింది. తెల్లగానే ఉంది. కొత్త బేరింగులు, కొత్త ఆయిలు, మొదటి ఫిల్టరు అంటున్నావు కాబట్టి సరేలే అనుకుంటున్నాను. ఇంత తెల్లగా నేనెప్పుడూ చూడలేదు. రెండో ముక్క పంపు, అప్పుడు మెచ్చుకుంటాను. ముందే మెచ్చుకుంటే నీ కాళ్ళు నేల మీద నిలవవు, నాకు తెలియదా?

పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఆయిలు ప్రెషర్ ముల్లు ఎంతసేపటికి లేస్తోందో రాయి. నడి నదిలో ఎక్కడ నిలబడుతోందో కూడా రాయి. అంకెలు కావాలి నాకు, ఆనందం కాదు.

బోర్డు గురించి రాశావు. దాని మీద ఏం రాయాలో నాకు తెలియడం లేదు. ఇంట్లో అందరూ బాగున్నారని తలుస్తాను.

మావయ్య


రేవు
జూలై 8

మావయ్యా,

ఇదిగో రెండో ముక్క. దీన్ని చూసైనా మెచ్చుకోకపోతే నీతో కచ్చి.

ఇది కూడా తెలుపే! మొదటిదానికంటే కొంచెం చామనఛాయ, అంతే. ఈసారి చెక్ చేయడానికొచ్చిన ఇన్‌స్పెక్టరు కాగితం చేత్తో పట్టుకుని, "అమ్మాయ్, ఈ ఇంజిన్‌లో ఆయిలు పోస్తున్నావా, నీళ్ళు పోస్తున్నావా?" అని నవ్వి వెళ్ళాడు. రిజిస్టరులో "చాలా బాగుంది" అని రాశాడు. బోర్డు కిందే రాశాడు మావయ్యా, నాన్న పేరు కిందే కూర్చుని రాశాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నువ్వడిగిన అంకెలు. పొద్దున ముల్లు నాలుగు సెకన్లలో లేస్తోంది. నడి నదిలో నాలుగు దగ్గర నిలబడుతుంది. నిండా జనం ఉన్నా నాలుగే, ఖాళీగా ఉన్నా నాలుగే. చలిగా ఉన్న పొద్దున కూడా అంతే. మేకు కొట్టినట్టు కదలదు. ఫిల్టరు కొత్తగా ఉన్నప్పుడూ నాలుగే, నెలయ్యాక తీసేముందూ నాలుగే.

ఇంకో విడ్డూరం. నాన్న ఇంజిన్ గురించి నోరు విప్పాడు! పదకొండేళ్ళలో ఇదే మొదటిసారి. నిన్న సాయంత్రం నేను చేతులు కడుక్కుంటుంటే తాడు పేనుతూనే అడిగాడు.

"ఫిల్టరు కోశావా?"

"కోశాను నాన్నా."

"కాగితం ఏ రంగులో ఉంది?"

"తెల్లగా ఉంది" అన్నాను మురిసిపోతూ.

మావయ్యా, నాన్న మొహం పాలిపోయింది. సగం పేనిన తాడు అక్కడే పారేసి ఇంటికెళ్ళిపోయాడు. పని సగంలో వదలడం నేనెప్పుడూ చూడలేదు. ఇంటికొచ్చి చూస్తే అటక మీది సామానంతా కింద పరిచి ఏదో వెతుకుతున్నాడు. అమ్మ అడిగితే "ఏం లేదు" అన్నాడు. మీ బావగారి సంగతి నీకైనా అర్థమవుతుందా?

పిడుగు


వర్క్‌షాపు
జూలై 12

పిడుగూ,

ఇంజిన్ ఆపు. ఈ ఉత్తరం అందగానే ఆపు. నడి నదిలో ఉంటే ఒడ్డుకి చేర్చి, జనాన్ని దించి, ఆపు. మిగతాది తరవాత చదువు.

మీ ఆఫీసుకి ఫోన్ చేస్తే మోగుతూనే ఉంది, ఎత్తే నాథుడు లేడు. పోస్టులో వేస్తే నాలుగు రోజులు పడుతుంది. అందుకే మీ రేవు మీదుగా వెళ్ళే లారీ డ్రైవరు చేతిలో పెట్టి, "నీ చేత్తో ఆ పిల్ల చేతికివ్వు" అని దణ్ణం పెట్టాను.

నీ రెండు ముక్కలూ కిటికీకి పెట్టి చూశాను. నా ఒళ్ళు చల్లబడిపోయింది. మొదటిసారే చల్లబడాల్సింది, నా బుర్ర ఏ గంగలో కలిసిందో! మెచ్చుకుందామని కూర్చున్నాను చూడు, నన్ను చెప్పుచ్చుక్కొట్టాలి.

ఆయిలు ఎలా పోతుందో నీకు నేర్పిందే మళ్ళీ చెబుతాను, మెల్లగా చదువు. ఫిల్టరు అడుగుపళ్ళెం చూడు. అంచు చుట్టూ చిన్న కన్నాలు, మధ్యలో మరలున్న పెద్ద కన్నం. పంపు తోసిన ఆయిలు ఆ చిన్న కన్నాల్లోంచి లోపలికి దిగి, డబ్బా గోడకీ కాగితానికీ మధ్య సందులో నిండుతుంది. అక్కణ్ణుంచి కాగితం మడతల్లో దూరి లోపలికి పోతుంది. మురికి, మసి, అరిగిన లోహప్పొడి బయటి మొహాన ఆగిపోతాయి. శుభ్రపడ్డది నడిమి గొట్టంలో చేరి, పెద్ద కన్నంలోంచి బయటికొచ్చి బేరింగులకి పోతుంది. నెల రోజులు పని చేసిన కాగితం నల్లగా ఉండాలి. నల్లగా ఉంటేనే అది అన్నం తిన్నట్టు.

నీ కాగితం తెల్లగా ఉందంటే ఇంజిన్ శుభ్రంగా ఉందని కాదు, ఆయిలు ఆ కాగితంలోంచి పోవడం లేదని. మరి ముల్లు నాలుగు దగ్గర ఎలా నిలబడుతోంది? ఆయిలు వేరే దారిన పోతోంది. మురికి మురికిగానే బేరింగుల్లోకి పోతోంది.

ఆ వేరే దారి ఏదో నీకు తెలుసు. కాగితం పూర్తిగా పూడుకుపోతే ఇంజిన్‌కి ఆయిలు అందక చస్తుంది కాబట్టి పక్కన ఒక దొంగ తలుపు పెడతారు. స్ప్రింగు, దాని కింద గోళీ. మామూలప్పుడు స్ప్రింగు గోళీని నొక్కి తలుపు మూసి ఉంచుతుంది. కాగితం పూడుకుని ఆయిలు ఆగినప్పుడే గోళీ లేచి దారిస్తుంది. మురికి ఆయిలైనా, అసలు లేకపోవడం కంటే మేలని. ఆ తలుపు అత్యవసరానికి. నీ ఇంజిన్‌లో అది బార్లా తెరిచి ఉంది.

ఫిల్టరు బిగించే తలకాయ పక్కన ఒక పెద్ద బోల్టు ఉంటుంది. రంగు కింద దాక్కుని ఉంటుంది, గీకు. విప్పు. స్ప్రింగు విరిగిందా, గోళీ ఇరుక్కుందా చూడు. ఏం కనిపించిందో వెంటనే రాయి.

అరవై మంది, సగం బడిపిల్లలు. ఎవరేమన్నా స్టార్ట్ చెయ్యకు. ఉద్యోగం పోతే నా దగ్గరకు రా.

మావయ్య


రేవు
జూలై 15

మావయ్యా,

ఆపేశాను. నిన్న మధ్యాహ్నం లారీ ఆయన రేవులో హారన్ మోగించుకుంటూ వచ్చాడు. నీ మొదటి వాక్యం చదవగానే ఎక్కిన జనాన్ని దించేశాను. మేనేజరు రంకెలేశాడు, "ఎక్కడో ఉన్న మెకానిక్ ఉత్తరం రాస్తే లాంచీ ఆపుతావా?" అని. తాళంచెవి జేబులో వేసుకుని ఇంజిన్ గదిలో కూర్చున్నాను. అరుచుకోనీ.

బోల్టు మీద మూడు పొరల రంగు. గీకి విప్పేసరికి సాయంత్రమైంది. స్ప్రింగు వచ్చింది, బాగానే ఉంది. గోళీ వచ్చింది, అదీ బాగానే ఉంది. హమ్మయ్య అనుకున్నాను. టార్చి వేసి చూస్తే గోళీ కూర్చోవాల్సిన చోట ఇంకేదో మెరిసింది. అయస్కాంతం పెడితే అంటలేదు. తీగ వంచి లాగాను. ఇత్తడి ముక్క. చిటికెన వేలి మొదటి కణుపంత. మధ్యలో గాడి ఉంది, ఆయిలు పోవడానికి. గోళీని ఎప్పుడూ పైకి ఎత్తి పట్టుకునేలా, తలుపు ఎప్పటికీ మూసుకోకుండా ఎవరో కొలతలు తీసి, తీరుబడిగా, ఎంతో పనితనంతో చేసిన ముక్క.

గుడ్డతో తుడిచాను. అడుగున మూడు చుక్కలు, పంచ్‌తో కొట్టినవి. పొయ్యి మీద మూడు రాళ్ళలా, మూడు చుక్కలు.

మావయ్యా, ఆ గుర్తు ఎవరిది?

రెండేళ్ళు నీ దగ్గర ఉన్నాను. నీ చేత్తో చేసిన ప్రతి ముక్క మీదా నువ్వు ఆ మూడు చుక్కలే కొడతావు. "నా పని ఎక్కడున్నా నా పేరు చెప్పుకోవాలి" అంటావు. ఇది ఏం పేరు చెప్పుకుంటోంది?

నాకు అప్పుడొచ్చింది అనుమానం. ఇంజిన్ పక్కన రంగంతా గీకాను. గోళ్ళు విరిగాయి. నంబరు పలక బయటపడింది. ఆఫీసుకి పరిగెత్తి పాత రిజిస్టరు తీశాను. ఇది నాన్న ఇంజినే. నడి నదిలో పట్టేసి ఆగిపోయి, లాంచీ కొట్టుకుపోయి రేవు మెట్లకి గుద్దుకుని, ఒకావిడ చెయ్యి విరిగి, నాన్న బతుకుని రోడ్డు మీద పడేసిన ఇంజిన్. రంగేసి నాకిచ్చారు. మొదటి రోజు నాన్న తాడు ఆపింది గర్వంతో కాదు. శబ్దం గుర్తుపట్టాడు.

బేరింగులు మార్చినవాళ్ళు ఈ బోల్టు ముట్టుకోలేదు. అంటే ఈ ముక్క ఆ రోజూ లోపలే ఉంది. నువ్వు చేసిందే. నువ్వెప్పుడూ నాకు చెప్పలేదు. ఎందుకు చేశావు? నాన్నకి తెలుసా? నాకు తల తిరిగిపోతోంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, ముక్క నా జేబులోనే ఉంది. చెయ్యి తగిలినప్పుడల్లా ఉలిక్కిపడుతున్నాను.

దాచకుండా రాయి. దాస్తే ఇదే నా ఆఖరి ఉత్తరం.


వర్క్‌షాపు
జూలై 19

కోడలా,

నీ ఉత్తరం చదివి పొద్దుటి నుంచి కుర్చీలోంచి లేవలేదు. వర్క్‌షాపు తలుపు తీయలేదు. 

ఆ ముక్క నేనే చేశాను.

ఆ ఏడాది కొన్నాళ్ళు ఫిల్టర్లు కరువయ్యాయి. మీ నాన్న రాశాడు: ఫిల్టరు పూడుకుపోయింది, దొంగ తలుపు స్ప్రింగు బిగుసుకుపోయి తెరుచుకోవడం లేదు, ముల్లు పడిపోతోంది, లాంచీ ఆపితే అవతలి ఒడ్డు వాళ్ళకి ఆసుపత్రికి దారి లేదు అని. స్ప్రింగు ఒక్కదాన్నే నమ్మలేక నేను ఈ ముక్క చేసి, కొత్త స్ప్రింగుతో కలిపి పంపాను. "గోళీ కింద ఇది పెట్టు. ఒక్క వారం. కొత్త ఫిల్టరు పంపుతాను, అప్పుడు తీద్దువు గాని" అని రాశాను. వారం రోజులు మురికి ఆయిలుతో నడిస్తే ఇంజిన్ చావదు. అది తప్పు కాదు. ఇప్పటికీ అలాంటి ఇరకాటంలో అదే చేస్తాను.

తప్పు తరవాతిది. ఫిల్టరు దొరకడానికి వారం కాదు, మూడు వారాలు పట్టింది. మీ నాన్న ఒక ఉత్తరం రాశాడు. "బావమరిది పెద్దవాడైపోయాడు, మా గోడు వినే తీరిక ఎక్కడుంది?" అని. హాస్యానికే రాసి ఉంటాడు. నాకు ముక్కు మీద కోపం. ఊరంతా తిరిగి ఫిల్టరు సంపాదిస్తే నన్ను దెప్పుతాడా అనుకున్నాను. ఫిల్టరు డబ్బాలో పెట్టి, తాడు కట్టి, పార్సిల్ పంపాను. అందులో ఉత్తరం పెట్టలేదు. ఒక్క ముక్క రాయలేదు. చూద్దాం, ఆయనే రాస్తాడని పంతం.

గోడ మీది రూలు నాదే కదా. "ఏది తీసినా ఉత్తరం చూసి తియ్యి." మీ నాన్న ఇంజిన్ నడపడంలో మొనగాడు గానీ దాని లోపలి సంగతి నాకు వదిలేసేవాడు. నేను రాసిందే వేదం. పార్సిల్ వచ్చింది, ఉత్తరం రాలేదు. ఫిల్టరు బిగించి ఉంటాడు. ముక్క తీయమని నేను రాయలేదు. తీసి ఉండడు.

ఎనిమిది నెలలు నేను రాయలేదు, ఆయన రాయలేదు. కాగితం ముక్కలు పంపడమూ మానేశాడు. ఒక్కటంటే ఒక్క ముక్క నా కంటబడినా పసిగట్టేవాణ్ణి.

ఇప్పుడు అసలు సంగతి. దాచకుండా రాయమన్నావు. ఇంజిన్ పట్టేసిందని తెలిసిన మూడో రోజున ఈ ముక్క నాకు గుర్తొచ్చింది. తీశాడో లేదో అడుగుదామని కాగితం తీసుకున్నాను. అడిగితే, తీయలేదని జవాబొస్తే? ఆ భయంతో అడగలేదు. తీసే ఉంటాడులే, అంత తెలియనివాడా అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ కాగితం మీదే వేరే ఉత్తరం రాశాను. అప్పటిదాకా నువ్వు అన్నవాణ్ణి మీరు అని మొదలుపెట్టి, "ఆయిలు చూసుకోలేని మీకు ఇంజిన్ ఎందుకు?" అని. మీ ఇంటికి నేను రాసిన ఆఖరి ఉత్తరం అది.

పదకొండేళ్ళు ఆ మాటని నమ్ముతూ బతికాను. నమ్మకపోతే బతకలేను కనుక. బోర్డు మీద రాసినవాళ్ళకి నిజం తెలియదు. నాకు తెలిసే అవకాశం ఉంది, తెలుసుకోలేదు. నన్ను నేను చూసుకుంటే అసహ్యమేస్తోంది.

ముక్క మీ నాన్నకి చూపించు. ఏమన్నా పడతాను.

మావయ్య


ఇల్లు
జూలై 24

మావయ్యా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి చించేద్దామనుకున్నాను. మూడోసారికి అమ్మ చేతికిచ్చాను. అమ్మ చదివింది. లోపలికెళ్ళి గిన్నెలు కడిగింది, కడిగినవే మళ్ళీ కడిగింది.

తరవాత ముక్క తీసి నాన్న ముందు బల్ల మీద పెట్టాను. అరుస్తాడనుకున్నాను, ఏడుస్తాడనుకున్నాను. నాన్న దాన్ని అరచేతిలో పెట్టుకుని, "ఇంత చిన్నదా, నాకు ఇంకా పెద్దదని గుర్తు" అన్నాడు.

ఆ రోజు అటక మీద వెతికింది ఒక రేకు డబ్బా. తెచ్చి తెరిచాడు. నీ ఉత్తరాలన్నీ ఉన్నాయి, వరసగా, తాడుతో కట్టి. "ఒక్క వారం" అని రాసిన ఉత్తరం పైన ఉంది. దాని కింద పార్సిల్ మీద నువ్వు అడ్రసు రాసిన అట్టముక్క. దాని కింద ఏముందో తెలుసా? ఎనిమిది కవర్లు. నీ అడ్రసు రాసినవి, స్టాంపులు అంటించినవి, పోస్టు చేయనివి. ఒక్కోదాంట్లో ఒక్కో నెల ఫిల్టరుది, వేలెడంత కాగితం ముక్క.

ఎనిమిదీ తెల్లగా ఉన్నాయి మావయ్యా. నా వాటిలాగే.

నేను కొయ్యబారిపోయాను. "నాన్నా, ఇవెందుకు పంపలేదు?" అంటే, "మీ మావయ్య ముందు రాస్తే పంపుదామని" అన్నాడు. చెరో పక్కా కూర్చుని చెరో పంతం! ఒక్క స్టాంపు కవరు, అప్పటికే అంటించిన స్టాంపు, రేవులో పోస్టు డబ్బా వంద అడుగుల దూరం! నాకు ఒళ్ళు మండిపోయింది. ఇద్దర్నీ కలిపి తాడుతో కట్టి నదిలో పడేయాలనిపించింది.

"అప్పుడు తెల్ల కాగితం చూసి మురిసిపోయాను" అన్నాడు నాన్న. "బావమరిది చలవ, ఇంజిన్ అద్దంలా ఉందని ఆఫీసంతా చూపించాను. అది పట్టేశాక ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు. ఆయిలు రోజూ చూసేవాణ్ణి. రోజూ. అయినా నేనే ఎక్కడో తప్పు చేశాననుకున్నాను. మొన్న నువ్వు తెల్లగా ఉందన్నాక, ఒకే ఇంజిన్‌కి ఇద్దరి చేతుల్లోనూ తెల్లగా ఎలా వస్తుందని తట్టింది. కారణం మాత్రం ఈ ముక్క చూసేదాకా తెలియలేదు."

పదకొండేళ్ళు తనది కాని తప్పుని తన ఒంట్లో వెతుక్కున్నాడు మావయ్యా. అది విని నేను ఏడ్చాను.

మెకానిక్కులొచ్చి ఇంజిన్ అడుగు విప్పారు. బేరింగుల మీద గీతలు పడ్డాయి. ఇంకో నెల నడిస్తే పట్టేసేదట. అదే ఇంజిన్, అదే చోటు, ఈసారి బోర్డు మీద నా పేరు.

ఇప్పుడు విను. ఆగస్టు ఐదున ఆఫీసులో విచారణ. మేనేజరు ఏమంటున్నాడో తెలుసా? "ఆ ముక్క మీ నాన్నే పెట్టి ఉంటాడు, ఇప్పుడు కూతురు కథ అల్లుతోంది" అని. ముక్క మీది గుర్తు ఎవరిదో నేను చెబితే చాలదు, నాన్న చెబితే అసలే చాలదు. చెప్పాల్సినవాడివి నువ్వు. చెబితే ఈ ఆఫీసు లాంచీల పని ఇక నీ వర్క్‌షాపుకి రాదు, అది నాకు తెలుసు. చెప్పకపోతే ఆ బోర్డు మీది మాట అలాగే ఉంటుంది.

ఇంకొకటి. బేరింగులు మార్చి ఇంజిన్ సిద్ధం చేశాక, ముక్క లేకుండానే స్ప్రింగు, గోళీ వేసి బోల్టు బిగిద్దామని వెళ్ళాను. నాన్న వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. లాంచీ మీదికి వచ్చాడు మావయ్యా, పదకొండేళ్ళ తరవాత! ముక్క నా చేతిలోంచి తీసుకుని, దాని చోట అది పెట్టేశాడు.

"ఉత్తరం రానీ" అన్నాడు.

నాకు మతి పోయింది. అమ్మ అంది, "వాణ్ణే రాయమను."

పిడుగు


వర్క్‌షాపు
జూలై 28

బావా,

లాంచీల ఆఫీసుకి రాసిన ఉత్తరం నకలు దీంతో ఉంది. ముక్క నాది, గుర్తు నాది, ఒక్క వారం అన్నది నేను, తీయమని రాయనిది నేను అని సంతకం పెట్టాను. అనుమానం వచ్చీ అడగలేదని కూడా రాశాను. ఆ గుర్తు నాదేనని రుజువుకి, మూడు చుక్కలు కొట్టే పంచ్‌ని కూడా ఆఫీసుకే పార్సిల్ చేశాను. ఐదో తారీఖున నేనే వస్తాను. వద్దంటే ఆఫీసు మెట్ల దగ్గరే నిలబడతాను.

ఎనిమిది కవర్ల సంగతి పిల్ల రాసింది. తట్టుకోలేకపోయాను బావా. ఆ ఎనిమిది నెలలూ రోజూ పోస్టుమాన్‌ని నీ ఉత్తరం ఉందా అని అడిగేవాణ్ణి. ఇది కూడా నీకు ఇప్పుడే చెబుతున్నాను.

మీరు అని రాసిన ఉత్తరం నీ డబ్బాలో ఉంటే చించెయ్యి. నువ్వు చించకపోతే నేనొచ్చి చించుతాను.

ఇక ఇంజిన్ సంగతి. ఈ పార్సిల్‌లో కొత్త ఫిల్టరు ఉంది. అది బిగించే ముందు తలకాయ పక్కన బోల్టు విప్పి, గోళీ కింద పెట్టిన ఇత్తడి ముక్క తీసెయ్యి. గోళీ, స్ప్రింగు మళ్ళీ వేసి బిగించు. తప్పకుండా తీసెయ్యి.

నీ బావమరిది


రేవు, ఇంజిన్ గది
సెప్టెంబర్ 6

బావమరిదికి,

తీశాను.

విచారణ రోజు మెట్ల మీద నిలబడ్డావు, లోపలికి పిలిచాక మాట్లాడావు, వెళ్ళిపోయావు. ఇంటికి రాలేదు. మీ అక్క నీకోసం గంటసేపు వాకిట్లో నిలబడింది. అలాంటి పని ఇంకోసారి చెయ్యకు.

నువ్వెళ్ళాక ఆఫీసువాళ్ళు బోర్డు మీద నా పేరు ఎదురుగా ఉన్న మాట చెరిపేశారు. కొత్తగా ఏం రాయాలో వాళ్ళకి తెలియక ఖాళీగా వదిలారు. లైసెన్సు తిరిగి ఇస్తామన్నారు. అమ్మాయి నన్ను మధ్యాహ్నం ట్రిప్పుల్లో కూర్చోబెడుతోంది. తాను సరంగు పక్కన నిలబడి గాలి పీల్చుకుంటోంది.

నీ మీద కోపం పోలేదు. అది చాలా ఉంది, వేరే ఉత్తరంలో రాస్తాను. నువ్వు దానికి జవాబు రాయి. మళ్ళీ ఉత్తరం లేని పార్సిల్ పంపావంటే ఊరుకోను.

నెల నడిచాక ఫిల్టరు నిన్న నేనే కోశాను. కాగితం ముక్క ఇందులో పెట్టాను. నల్లగా ఉంది. చూసి, ఎలా ఉందో వెంటనే రాయి.

బావ